మెకాంగ్ డెల్టాలో గైడ్‌తో సైకిల్ యాత్ర: దారి ఎంచుకోవడం నుంచి చివరి రోజు దాకా

దక్షిణ వియత్నాంలోని మెకాంగ్ డెల్టాని ఏసీ బస్సులో కూర్చుని చూస్తే హైవే, దాని పక్కన దుకాణాలు, నదుల మీద పెద్ద వంతెనలు కనిపిస్తాయి. అసలు డెల్టా ఆ హైవే దిగి కిలోమీటరు లోపలికి వెళ్లాక మొదలవుతుంది. కాలువ గట్టు మీద మీటరున్నర వెడల్పు సిమెంటు బాట, ఒక పక్క కొబ్బరితోట, ఇంకో పక్క నీళ్లు. కారు పట్టదు. కోనసీమ కాలువ గట్ల మీద తిరిగినవాళ్లకి ఇది ముందే చూసిన చోటులా అనిపిస్తుంది: ఒండ్రునేల, వరి, అరటి, పాయల మధ్య లంకలు, రేవు దాటించే పంట్లు. ఈ బాటలు ఒకదాంట్లోంచి ఒకటి వలలా అల్లుకుని ఉంటాయి. ఫోన్ మ్యాపులో కొన్ని కనిపించవు, కనిపించినవాటిలో కొన్ని నీళ్ల దగ్గర ఆగిపోతాయి. ఏ రేవులో పంటు తిరుగుతోందో, ఏ బాటని మరమ్మతు కోసం మూసేశారో అక్కడివాళ్లకే తెలుసు. గైడ్‌కి డబ్బు కట్టేది అందుకే. సైకిల్ అద్దెకి ఎక్కడైనా దొరుకుతుంది, మీరు నిజంగా కొనుక్కునేది దారిని. టూర్ ఎంచుకునేటప్పుడు ఈ మాట మనసులో పెట్టుకుంటే సగం పొరపాట్లు జరగవు.

నాలుగు రోజుల దారి ఎలా ఉంటుంది

డెల్టా యాత్రలు ఎక్కువగా హో చి మిన్ సిటీ నుంచే బయల్దేరతాయి, కానీ సిటీలో సైకిల్ ఎక్కించే టూర్ వద్దు. ఉదయం వ్యాన్‌లో దాదాపు 70 కి.మీ. దూరంలోని మి థో వైపు తీసుకెళ్లి, అక్కడ లోపలి బాటల దగ్గర సైకిళ్లు దింపాలి. మొదటి రోజు నది దాటి బెన్ త్రె ప్రాంతం. వియత్నాంలో కొబ్బరికి పేరు మోసిన చోటు ఇదే. పీచు తీసే షెడ్లు, కొబ్బరి మిఠాయి చేసే ఇళ్లు దారి పొడుగునా తగులుతాయి. ఈ రోజు 30 నుంచి 35 కి.మీ. తొక్కితే చాలు. మన కంటే అక్కడ గడియారం గంటన్నర ముందుంటుంది కాబట్టి ఉదయం ఆరున్నరకి బయల్దేరడమంటే మన ఒంటికి తెల్లవారుజామున అయిదు. అందుకే ఒక రోజు ముందుగానే సిటీకి చేరుకుని నిద్రపోవాలి.

రెండో రోజు త్రా విన్ వైపు 50 నుంచి 60 కి.మీ. ఖ్మేర్ జనం (కంబోడియాలో ఉండే జాతే) ఎక్కువగా ఉండే ఈ నేలలో బౌద్ధాలయాల కప్పులు కంబోడియా పద్ధతిలో ఉంటాయి, ఆవరణల్లో పెద్ద పెద్ద చెట్లు. లోపలికి వెళ్లాలంటే భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. సైక్లింగ్ నిక్కరు మీద చుట్టుకోవడానికి పల్చటి లుంగీ ఒకటి సంచిలో పెట్టుకుంటే సరిపోతుంది. మూడో రోజు కాన్ థో. త్రా విన్ నుంచి అక్కడికి మొత్తం తొక్కాలంటే చాలా దూరం, మధ్యలో హైవే తప్పదు. మంచి టూర్ బాగున్న ముక్కలు 40 కి.మీ. తొక్కించి మిగతాది వ్యాన్‌లో దాటిస్తుంది. "అంతా తొక్కిస్తాం" అనే టూర్ కంటే ఇదే మేలు. నాలుగో రోజు తెల్లవారక ముందే పడవ ఎక్కి కాయ్ రాంగ్ నీటి సంత. పడవల మీద గెడకి పైనాపిల్ కట్టి ఉంటే ఆ పడవలో పైనాపిల్ అమ్ముతున్నారని గుర్తు. ఏడు దాటితే సంత పలచబడుతుంది కాబట్టి అయిదింటికల్లా రేవులో ఉండాలి. తిరిగి వచ్చి తోటల మధ్య 20 కి.మీ. తొక్కి, మధ్యాహ్నం వ్యాన్‌లో సిటీకి. దాదాపు 170 కి.మీ., నాలుగు గంటలు పెట్టుకోండి.

ఇంకో రోజు ఉంటే సా డెక్ చేర్చమనండి. కడియం నర్సరీలు ఎరిగినవాళ్లకి ఆ పూల ఊరు తప్పకుండా నచ్చుతుంది. అక్కడ నీళ్ల పైన మంచెలు కట్టి కుండీలు పెడతారు, మనుషులు పడవలో తిరుగుతూ నీళ్లు పోస్తారు.

ఊళ్ల పేర్ల విషయంలో ఒక జాగ్రత్త. 2025 జూలై 1 నుంచి వియత్నాం తన 63 రాష్ట్రస్థాయి విభాగాలని 34కి తగ్గించింది. బెన్ త్రె, త్రా విన్ రెండూ ఇప్పుడు విన్ లాంగ్‌లో కలిసిపోయాయి. హోటల్ చిరునామాలో విన్ లాంగ్ అని, టూర్ కాగితంలో త్రా విన్ అని ఉంటే కంగారు పడొద్దు, రెండూ ఒకటే కావచ్చు.

ఏ నెలలో

డెల్టాకి డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా వాన లేని కాలం. అందులో డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి అన్నిటికంటే హాయి. మార్చి, ఏప్రిల్‌లో ఎండ ముదురుతుంది. మే నుంచి నవంబరు వానాకాలం. రోజంతా ముసురు పట్టడం తక్కువ, మధ్యాహ్నం దాటాక గంటో రెండు గంటలో దంచి పోతుంది. ఉదయం తొక్కేవాళ్లకి అది పెద్ద అడ్డు కాదు. అసలు ఇబ్బంది సెప్టెంబరు, అక్టోబరు, నవంబరులో వస్తుంది. పైనుంచి మెకాంగ్ పోటెత్తుతుంది, కింద నుంచి సముద్రం ఆటుపోటు ఎగదోస్తుంది. అమావాస్య, పౌర్ణమి చుట్టూ పల్లపు బాటలు మునుగుతాయి. మునిగిన సిమెంటు బాట అంచు ఎక్కడో కనిపించదు కాబట్టి అందులో తొక్కకూడదు, దిగి గైడ్ వెనకే నడవాలి. ఆ నెలల్లో వెళ్లక తప్పకపోతే తిథి చూసుకుని సప్తమి, అష్టమి దగ్గర పడేలా తేదీలు పెట్టుకోండి.

చాంద్రమాన కొత్త సంవత్సరం తెత్ జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో వస్తుంది. ఆ వారం ఊళ్లు అందంగా ఉంటాయి, కానీ హోటళ్లు మూసేస్తారు, గైడ్‌లు ఇళ్లకి వెళ్లిపోతారు, రోడ్ల మీద రద్దీ. మొదటిసారి వెళ్లేవాళ్లు ఆ వారం వదిలేయడమే మంచిది.

బుక్ చేసే ముందు అడగాల్సినవి

టూర్ కాగితంలో "60 కి.మీ." అని ఉంటే అది సైకిల్ మీదా, వ్యాన్ కలిపా అని మొదట అడగండి. తర్వాత, ఆ కిలోమీటర్లలో హైవే మీద ఎన్ని, కారు పట్టని బాటల మీద ఎన్ని అని అడగండి. దీనికి తడుముకోకుండా రోజువారీగా జవాబు చెప్పేవాళ్లకి దారి తెలుసు. "అంతా చాలా అందంగా ఉంటుంది" అని మాత్రమే చెప్పేవాళ్లకి తెలియదు. డెల్టాలో ఒక పద్ధతైన రోజుకి హైవే 5 కి.మీ. మించనవసరం లేదు.

సైకిల్ గురించి తయారీ కంపెనీ పేరు కంటే నాలుగు సంగతులు ముఖ్యం: ఫ్రేము సైజు, టైరు వెడల్పు, బ్రేకులు, ఎన్నాళ్లకోసారి సర్వీసు చేస్తారన్నది. ముందు షాకబ్జార్బర్ ఉన్న మౌంటెన్ బైక్ గానీ, 40 మి.మీ. దాకా వెడల్పు టైర్లున్న హైబ్రిడ్ గానీ డెల్టాకి సరిపోతుంది. సన్న టైర్ల రోడ్ సైకిల్ పనికిరాదు, వంతెన బాటతో కలిసే చోట ఉండే సందుల్లో చక్రం ఇరుక్కుంటుంది. ఎత్తు 155 నుంచి 165 సెం.మీ. వాళ్లకి స్మాల్, 165 నుంచి 175 వాళ్లకి మీడియం, ఆపైన లార్జ్ అని ఒక అంచనా. కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి మీ ఎత్తుతో పాటు కాలి లోపలి కొలత కూడా పంపండి. గోడకి ఆనుకుని నిలబడి, పుస్తకం అట్టని కాళ్ల మధ్య పైకి గట్టిగా ఆనించి, నేల నుంచి దాని పై అంచుదాకా కొలిస్తే అదే. 155 సెం.మీ. కంటే పొట్టిగా ఉన్నవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, ఎక్స్‌ట్రా స్మాల్ ఉందో లేదో రాతపూర్వకంగా అడిగి తీరాలి. పెద్ద ఫ్రేము ఇచ్చి సీటు దింపి సర్దుకోమంటారు. సీటు దిగుతుంది, హ్యాండిల్ దగ్గరికి రాదు. మూడో రోజుకి మెడ, భుజాలు పట్టేస్తాయి.

వ్యాన్ వెంట ఉంటుందా, ఎంత దూరంలో ఉంటుంది? బాటల్లోకి వ్యాన్ రాలేదు. రోజులో ఎన్ని చోట్ల దారి కలుస్తుందో చెప్పించుకోండి, అలసినవాళ్లు ఎక్కేది అక్కడే. గుంపు ఆరుగురు దాటితే ముందు ఒక గైడ్, చివర ఒకరు ఉండాలి. ఒక్కరే ఉంటే, వెనక చైను ఊడిన మనిషి విడిపోయి తప్పిపోయేది మలుపుల దగ్గరే. ధర విషయానికొస్తే, గైడ్ ఖర్చు, వ్యాన్ ఖర్చు ఇద్దరికైనా ఆరుగురికైనా దాదాపు ఒకటే. నలుగురు స్నేహితులు కలిస్తే తలకి పడేది బాగా తగ్గుతుంది, గుంపు కూడా మీ చేతిలో ఉంటుంది.

ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో సైకిల్ తొక్కుతూ పడ్డా వర్తిస్తుందా అన్నది పాలసీ షరతుల్లో చదవాలి. ఏజెంటు నోటిమాట చాలదు. కొన్ని పాలసీలు దీన్ని సాహస క్రీడ కింద పెట్టి తీసేస్తాయి.

వీసాలో మన పేర్ల చిక్కు

భారతీయ పాస్‌పోర్టుకి వియత్నాం ఈ-వీసా ఇస్తుంది. 2023 ఆగస్టు 15 నుంచి అది 90 రోజుల దాకా చెల్లుతుంది. ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు, పలుమార్లు ప్రవేశానికి 50 డాలర్లు, తిరస్కరిస్తే డబ్బు వెనక్కి రాదు. ప్రభుత్వ వెబ్‌సైట్ చిరునామా చివర ‘గవ్ డాట్ వీఎన్’ అని ఉంటుంది. ఇంకేదైనా ఉంటే అది దళారీది. మూడు నాలుగు పనిదినాల్లో రావచ్చు గానీ రెండు వారాలు చేతిలో పెట్టుకోండి.

తెలుగువాళ్లకి ఎదురయ్యే చిక్కు ఇంటిపేరు. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, మొత్తం పేరు రెండో గడిలోనే ఉంటుంది. మరికొందరికి ఇంటిపేరు పొడి అక్షరమే. ఫారంలో మనకి అలవాటైన క్రమంలో పేరు రాయకూడదు. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున బాణపు గుర్తులతో ఉండే రెండు వరసల్లో పేరు ఎలా ఉందో అలాగే నింపాలి. విమానం టికెట్ మీద కూడా అదే క్రమం. డెల్టా నుంచి చౌ డాక్ మీదుగా పడవలో కంబోడియా వెళ్లి మళ్లీ వియత్నాం రావాలనుకుంటే 50 డాలర్ల వీసాయే కావాలి.

ఇంటి దగ్గర ఆరు వారాలు

ఒక్కరోజు 50 కి.మీ. తొక్కగలగడం వేరు, మర్నాడు మళ్లీ సీటు మీద కూర్చోగలగడం వేరు. యాత్ర అడిగేది రెండోది. మొదటి రెండు వారాలు వారానికి మూడుసార్లు 15 నుంచి 20 కి.మీ., తర్వాతి రెండు వారాల్లో ఒక్కోసారి 30. అయిదో వారం శని, ఆదివారాలు వరసగా 40 చొప్పున. ఆరో వారం తేలిగ్గా రెండుసార్లు తొక్కి ఆపేయండి. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో వేసిన 23 కి.మీ. సైకిల్ ట్రాక్ దూరం అలవాటు చేసుకోవడానికి బాగుంటుంది. కానీ ఇరుకు బాట మీద తూలకుండా తొక్కడం అక్కడ రాదు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఉన్నవాళ్లు కాలువ గట్ల మీద సాధన చేయండి, ఇంతకంటే మంచి బడి లేదు. మిగతావాళ్లు ఖాళీ స్థలంలో అర మీటరు ఎడంతో రెండు గీతలు గీసుకుని, వాటి మధ్య 30 మీటర్లు మెల్లగా, పాదం దించకుండా వెళ్లడం నేర్చుకోండి. ఎంత మెల్లగా వెళ్లగలిగితే అంత పట్టు వచ్చినట్టు.

మొదటి ఉదయం సైకిల్ సరిచేసుకోవడం

ఇరవై నిమిషాలు తీసుకోండి. గైడ్ తొందరపెట్టినా వదలొద్దు.

సీటు ఎత్తు: సీటు మీద కూర్చుని, పెడల్‌ని పూర్తిగా కిందికి తెచ్చి, మడమ దాని మీద పెట్టండి. కాలు నిటారుగా చాచుకోవాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది, అదే సరైన ఎత్తు. మన దగ్గర రెండు పాదాలూ నేలకి ఆనేలా సీటు దింపుకునే అలవాటు ఉంది. ఆ ఎత్తులో రోజుకి 50 కి.మీ. తొక్కితే మోకాలి చిప్ప కింద నొప్పి ఖాయం. మోకాలి వెనక లాగుతోందంటే సీటు మరీ ఎక్కువ ఎత్తులో ఉందని అర్థం. సరిపోయిన ఎత్తు దగ్గర సీటు గొట్టం మీద టేపు ముక్కతో గుర్తు పెట్టండి. బిగింపు వదులైతే సీటు రోజంతా మిల్లీమీటరు మిల్లీమీటరు చొప్పున దిగిపోతుంది, మీకు తెలియదు, మోకాలికి తెలుస్తుంది. సీటు ముక్కు సమానంగా ఉండాలి, పైకి లేచి ఉంటే తిమ్మిరి పడుతుంది.

బ్రేకులు: కుడి చేతిది ముందు చక్రానిదా, వెనకదా? మన సైకిళ్ల మీద అలవాటైనదానికి తిరగబడి ఉండొచ్చు. ముందు చక్రం పైకెత్తి తిప్పి ఒక్కో లివరూ నొక్కి చూడండి. తిరగబడి ఉంటే మార్చమని అడగండి, కుదరకపోతే ఖాళీ చోట పది నిమిషాలు ఆగడం సాధన చేయండి. కంగారులో వేళ్లు పాత అలవాటే వెతుక్కుంటాయి. తడి బాట మీద ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పడితే చక్రం పక్కకి జారిపోతుంది.

గాలి: 70 కిలోల మనిషికి, రెండంగుళాల టైరుకి 35 నుంచి 40 పీఎస్ఐ. అంతకంటే బాగా తక్కువైతే వంతెన అంచు తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకీ అంచుకీ మధ్య నలిగి, పాము కాటులా పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి. డెల్టాలో పంచర్లకి ముల్లే కాదు, ఈ అంచులూ కారణమే.

బాట మీద

వియత్నాంలో రోడ్డుకి కుడి పక్కన తొక్కాలి. గుంపుతో వెళ్తున్నంతసేపు ఇది ఎవరూ మర్చిపోరు. మర్చిపోయేది మూడు చోట్ల: పంటు దిగి ఎక్కగానే, టిఫిను చేసి మళ్లీ బయల్దేరినప్పుడు, ఖాళీ రోడ్డు మీద ఎడమకి తిరిగినప్పుడు. ఆ మూడు చోట్లా పెడల్ మీద కాలు పెట్టే ముందు "కుడి" అని పైకి అనుకోండి. పెద్ద రోడ్డు దాటాల్సి వస్తే దిగి, గైడ్ పక్కనే నడుస్తూ, ఒకే వేగంతో దాటండి. మోటార్‌సైకిళ్లవాళ్లు మీ వేగాన్ని అంచనా వేసుకుని పక్కనుంచి తప్పుకుపోతారు. సగంలో ఆగినా, వెనక్కి అడుగేసినా ఆ అంచనా తప్పుతుంది. వెనక హారన్ కొట్టేది తిట్టడానికి కాదు, "వస్తున్నా" అని చెప్పడానికే.

ఇరుకు బాట మీద చూపు అయిదారు మీటర్ల ముందు, బాట మధ్యలో ఉండాలి. అంచునీ నీళ్లనీ చూస్తే సైకిల్ అటే పోతుంది. ఫొటో తీయాలంటే పూర్తిగా ఆగి, సైకిల్ పక్కకి పెట్టి తీయండి. డెల్టాలో కాలువలో పడేవాళ్లలో వేగం వల్ల కంటే ఒక చేత్తో ఫోన్ పట్టుకోవడం వల్ల పడేవాళ్లే ఎక్కువ అని గైడ్‌లు చెప్పేది నమ్మాల్సిన మాట.

కాలువల మీద చిన్న వంతెనలు పడవలు దూరడానికి వీలుగా మధ్యలో ఉబ్బెత్తుగా ఉంటాయి. కొన్నింటికి కటకటాలు ఉండవు. ఎక్కక ముందే తేలిక గేరుకి మార్చుకోవాలి. ఎక్కుతూ బలంగా తొక్కుతూ మారిస్తే చైను ఊడుతుంది, వంతెన మధ్యలో ఆగి పాదం ఆనించడానికి చోటుండదు. వంతెన మీద ఒక్కసారి ఒక్కరే. ఎదురుగా మోటార్‌సైకిల్ కనిపిస్తే కిందే ఆగి దారివ్వండి. భయంగా ఉంటే దిగి నడిపించుకుని వెళ్లండి, గైడ్‌లు అందులో తప్పు చూడరు.

నీడపట్టున తోటల్లో సిమెంటు మీద పాకుడు పడుతుంది. అక్కడ బ్రేకు వేయొద్దు, మలుపు తిప్పొద్దు, ముందే వేగం తగ్గించి తిన్నగా దాటిపోండి. పంటు ఎక్కే ఇనప పలక తడిగా ఉంటుంది కాబట్టి ఎప్పుడూ దిగే నడవాలి, మోటార్‌సైకిళ్లన్నీ వెళ్లాక. కోతల రోజుల్లో బాట మీద వడ్లు ఆరబోస్తారు, మన దగ్గర రోడ్ల మీద ఆరబోసినట్టే. వాటి మీదుగా తొక్కకండి. చక్రం జారుతుందన్నది ఒక సంగతి, అది ఒకరి పంట అన్నది అంతకంటే పెద్ద సంగతి. అంచు వదిలి ఉంటారు, అక్కడ నడిపించుకుని వెళ్లండి.

కుక్కలు మొరిగితే వేగం పెంచకుండా ఆగి, సైకిల్‌ని మధ్యలో అడ్డం పెట్టుకుని నడవండి. కరిచినా, గీరినా సబ్బుతో, పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకాకి ఆసుపత్రికి వెళ్లాలి. యాత్ర అయ్యాక చూద్దామనే మాట ఇక్కడ పనికిరాదు.

ఎండ, ఉప్పు, కూర్చునే చోటు

కోస్తా ఎండలు ఎరిగినవాళ్లం కదా అనుకుంటాం. అక్కడి ఉష్ణోగ్రత 32, 34 డిగ్రీలే, కానీ గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఆరున్నర, ఏడింటికి మొదలుపెట్టి పదకొండున్నరకల్లా ముగించే టూర్ సరైన టూర్. గంటకి అరలీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్లు, ఒకేసారి కాకుండా గుక్క గుక్కగా. చెమటతో ఉప్పు కూడా పోతుంది. ఉత్త నీళ్లే లీటర్లకి లీటర్లు తాగితే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వికారం, తికమక వస్తాయి. దాన్ని వడదెబ్బ అనుకుని ఇంకా నీళ్లు తాగిస్తే ముదురుతుంది. ఇంటి నుంచి ఓఆర్ఎస్ ప్యాకెట్లు రోజుకి ఒకటి చొప్పున తీసుకెళ్లండి. ఒక లీటరు ప్యాకెట్‌ని లీటరు నీళ్లలోనే కలపాలి, అరలీటరు సీసాలో చిక్కగా కలిపితే కడుపు పాడవుతుంది. దారి పొడుగునా దొరికే కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. అవి ఒక్కటే సరిపోవు, పక్కన ఉప్పు వేసిన వేరుశనగ పప్పో, ఊరగాయ అన్నమో ఉండాలి. చెమట పడుతున్నా, ఆగిపోయినా, ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే అది ఆగి చూసే పరిస్థితి కాదు. నీడకి చేర్చి, తడిపి, విసురుతూ, వ్యాన్ పిలిపించి ఆసుపత్రికి.

ప్యాడ్ ఉన్న సైక్లింగ్ నిక్కర్లు రెండు ఉంటే చాలు, రోజూ ఒకటి ఉతుక్కోవచ్చు. లోపల ఇంకేమీ వేసుకోకూడదు, లోదుస్తుల కుట్లే తొడల దగ్గర ఒరిపిడి తెచ్చేది. ఉదయమే వ్యాసిలిన్ రాసుకోండి. పుండు పడ్డాక రాస్తే ప్రయోజనం తక్కువ. తడి నిక్కరుతో మధ్యాహ్నం దాకా కూర్చోకండి. హెల్మెట్ మీ సొంతది తీసుకెళ్లండి. అద్దెవి చెమటతో నానినవి, సైజు కుదరనివి. పల్చటి పొడుగు చేతుల చొక్కా, వేళ్లు కనిపించే గ్లౌజులు, పురుగులు కంట్లో పడకుండా అద్దాలు. సాయంత్రానికి దోమల మందు తప్పనిసరి, డెంగీ ఉన్న నేల అది.

శాకాహారం

అడిగే పద్ధతి తెలిస్తే వియత్నాంలో శాకాహారులకి ఇబ్బంది లేదు. "చాయ్" అంటే అక్కడ శాకాహారం, మన టీ కాదు. "తోయ్ అన్ చాయ్" అంటే నేను శాకాహారం తింటానని. బోర్డు మీద చాయ్ అని ఉన్న హోటళ్లు ప్రతి పట్టణంలో కనిపిస్తాయి. బౌద్ధ సంప్రదాయంలో నడిచే వాటిలో చాలాచోట్ల ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. వాళ్ల చాంద్రమాన నెలలో మొదటి రోజున, పదిహేనో రోజున (మన అమావాస్య, పౌర్ణమి ప్రాంతంలో) మామూలు జనం కూడా చాలామంది చాయ్ తింటారు, ఆ రోజుల్లో బండ్ల మీద కూడా దొరుకుతుంది. చిక్కంతా మామూలు హోటల్లో "మాంసం లేకుండా" అని అడిగినప్పుడే. ముక్కలు తీసేస్తారు, కానీ చారు ఎముకలతో కాచినదే, కూరలో "న్వక్ మామ్" అనే, చేపలని ఉప్పులో ఊరబెట్టి తీసే రసం పడే ఉంటుంది. అందుకే "మాంసం వద్దు" అనకుండా "చాయ్" అనండి. ఆపైన గుడ్డు తింటారో లేదో విడిగా చెప్పండి. ఇదంతా బుకింగ్ రోజునే రాసి పంపితే గైడ్ దారిలో భోజనం చేసే ఇంటివాళ్లకి ముందే చెబుతారు. పన్నెండింటికి పల్లెటూరి ఇంట్లో కూర్చున్నాక చెబితే తెల్లన్నం, వేయించిన ఆకుకూర తప్ప వాళ్లు మాత్రం ఏం చేయగలరు? కందిపొడి, చిన్న ఊరగాయ ప్యాకెట్లు సూట్‌కేసులో ఉంచుకోండి. చెమటోడ్చిన రోజున అన్నంలో ఆ ఉప్పూకారం కడుపుకీ ఒంటికీ రెండింటికీ మేలు.

కొండ కూడా కావాలంటే

డెల్టా దాదాపు అంతా చదును. ఒక్క ఎక్కుడైనా చూడాలనుకునేవాళ్లు దేశం మధ్యభాగానికి విమానంలో వెళ్లి హుయే నుంచి హోయ్ ఆన్ దాకా మూడు రోజులు కలుపుకోవచ్చు. అక్కడి వానలు సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి రెండూ కలిపి చేసేవాళ్లకి ఫిబ్రవరి, మార్చి కుదురుతాయి. దారిలో 496 మీటర్ల హై వాన్ కనుమ. లాంగ్ కో వైపు నుంచి దాదాపు 10 కి.మీ. ఎక్కుడు. 2005లో కింద సొరంగం తెరిచాక లారీల రద్దీ చాలావరకు అందులోకి వెళ్లిపోయింది, సైకిళ్లకి సొరంగంలో అనుమతి లేదు, కనుమే దారి. దిగేటప్పుడు బ్రేకులు పట్టుకునే ఉండకండి, వేడెక్కి పట్టు తగ్గుతాయి. మలుపుకి ముందు రెండు బ్రేకులూ కలిపి నొక్కి వేగం దించి, మలుపులో వదిలేయండి.

హోయ్ ఆన్ నుంచి 40 కి.మీ. దూరంలో మీ సాన్ ఉంది. పూర్వం ఈ ప్రాంతాన్ని ఏలిన చంపా రాజులు శివుడికి కట్టించిన ఇటుక గుడులు, సంస్కృత శాసనాలు. భారత పురావస్తు సర్వే శాఖ ఇక్కడ మరమ్మతులు చేస్తుండగా 2020లో ఏకశిలా శివలింగం బయటపడింది. దీనికి ఒక పూట కాదు, ఒక రోజు ఇవ్వండి. తెల్లవారుజామున బయల్దేరి ఎండెక్కక ముందే చేరుకుంటే ఆ ఎర్రటి ఇటుక రంగు బాగా కనిపిస్తుంది.

చివరి రోజు

సైకిల్ తిరిగి ఇచ్చేటప్పుడు ఏదైనా వదులుగా, విరిగి ఉంటే చెప్పండి, రేపు అదే సైకిల్ ఇంకొకరు ఎక్కుతారు. గైడ్‌కీ, వ్యాన్ డ్రైవర్‌కీ బహుమతి ఇవ్వడం అక్కడ ఆనవాయితీ. విడివిడి కవర్లలో, అక్కడి డబ్బు డాంగ్ నోట్లలో ఇవ్వండి. సైకిళ్లు కడిగి, ఎక్కించి దింపేది డ్రైవరే, ఆయన్ని మర్చిపోయేవాళ్లు ఎక్కువ. నోట్లు లెక్కపెట్టేటప్పుడు వెలుతురులో లెక్కపెట్టండి. 20,000 నోటు, 5,00,000 నోటు రెండూ నీలం ఛాయవే, చీకట్లో ఒకటే అనిపిస్తాయి. ఒకటి ఇంకోదానికి ఇరవై అయిదు రెట్లు. ప్రయాణం మొదట్లోనే పెద్ద నీలం నోట్లు వేరే జేబులో పెట్టుకుంటే ఈ పొరపాటు జరగదు.